పిడి చివరిదాకా ఇనుము

మా పెద్దత్త పోయింది. మా అత్తమ్మకు సొంత అక్క. మా ఇల్లూ ఆమె ఇల్లూ గోడకు గోడ. పోయిన వారం నేను పెద్దబిడ్డ కాన్పుకని నిజామాబాదులో ఉన్నాను. పొద్దున్నే బాలింతకు నీళ్లు కాగబెడుతుంటే మా మరిది మొదటి బస్సుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు విప్పలేదు, లోపలికి రమ్మంటే రాలేదు.

"వదినా, పెద్దమ్మ పోయింది. నిన్న మాపటికి గటుక తాగింది, పండుకుంట అన్నది. పొద్దుగాల అమ్మ లేపితె లేవలె."

బస్సులో కూర్చున్నాక నాకు ఏడుపు రాలేదు. గానుగ ఆడే కాలం కదా, బోధన్ పొలిమేరలో చెరుకు బండ్లు ఫ్యాక్టరీ దాకా వరుస కట్టి ఉన్నాయి. ప్రతి బండి వెనకాలా చెరుకు మొదళ్లు చూస్తూ పోయాను. ఒక్క దెబ్బకు తెగాయా, రెండు దెబ్బలకు నలిగి పీచు లేచాయా అని చూడటం ఆమె అంటించిన అలవాటు. మనిషి పోయిన కబురు విని వస్తూ మొదళ్లు చూస్తున్నానేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. రుద్రూర్ దాటాక ఏడుపు వచ్చింది. పక్కన కూర్చున్న ముసలాయన కిటికీ వైపు నాకు చోటిచ్చాడు.

ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, నా రాత అంతంతమాత్రమే. కానీ ఆమెకు పిల్లలు లేరు, ఒక ఫోటో అయినా లేదు. నాకు తెలిసింది నేను రాయకపోతే అది నాతోనే పోతుంది.

మీలో చెరుకు నమిలినవాళ్లే గాని కొట్టినవాళ్లు తక్కువ ఉంటారు. అందుకని కొంచెం చెబుతాను. చెరుకును నేలకు ఆనించి కొట్టాలి. తీపి ఎక్కువ మొదట్లోనే ఉంటుంది. బెత్తెడు మోడు మిగిల్చామంటే ఆ తీపి చేలోనే పోయినట్టు, పైగా మరుసటి ఏటికి పిలకలు బలంగా రావు. నేలకు ఆనించి కొడితే కత్తి మట్టిలోకి దిగుతుంది, రాళ్లకు తగులుతుంది. పొద్దంతా అదే పని. ఇంట్లో వంకాయ కోసుకునే కత్తి అక్కడ ఒక్క పూట కూడా నిలవదు.

మా ఊళ్లో కోత వంతుల మీద నడుస్తుంది. చెరుకు తెమ్మని ఫ్యాక్టరీ నుంచి ఎవరికి పర్మిట్ వస్తే వాళ్ల చేను గుంపంతా కలిసి కొడతారు. మర్నాడు ఇంకొకరిది. గుంపులో ఉండాలంటే ఇంటికో కత్తి పంపాలి. కత్తి అంటే మనిషే. మగవాళ్లు కొడతారు, ఆడవాళ్లు ఆకు తీసి మోపులు కడతారు. పెద్దత్త పెనిమిటి జ్వరానికి పోయిన ఏడు ఆమె ఇంటి నుంచి కత్తి లేదు కాబట్టి వంతు కూడా లేదన్నారట. పర్మిట్ వచ్చిన రోజు ఆమె చేతిలో పెనిమిటి కత్తితో చేనుగట్టు మీద నిలబడి, "మా ఇంటి కత్తి నేనే. కొడ్తనో లేదో సూసి మాట్లాడుండ్రి" అన్నదట. చూశారు. మాట్లాడలేదు. నేను కాపురానికి వచ్చేనాటికి ఆ గుంపుకు ఆమే పెద్ద.

నేను వచ్చింది మనవాళ్లు ఆంధ్రతో కలిసిన మరుసటి ఏడు. మా ఇంటాయన కోతకాలమంతా ఫ్యాక్టరీలో పనికి పోయేవాడు. మామ లేడు, మరిది చిన్నవాడు, అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. కొట్టేవాడు లేక ఎవరినో బతిమాలి పంపించేవాళ్లు. నేను పోతానన్నాను. అవసరం ఉంది, నిజమే. కానీ మోపులు కట్టే వరుసలో నిలబడి పెద్దత్త కొట్టడం చూసిన మొదటి రోజే నాకు ఆ పని మీద మనసు పడింది. ఆమె వంగితే సాలు చివరిదాకా లేచేది కాదు. అత్తమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. పెద్దత్త మాత్రం నా చెయ్యి పట్టుకొని, వేళ్లు మడిచి తెరిచి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత సిన్నగున్నదేంది పిల్లా సెయ్యి? మీ అవ్వ నీకు బువ్వ పెట్టలేదా?"

మా పుట్టిల్లు మాక్లూర్. బువ్వకు కొదవ లేని ఇల్లు. ఆ మాట అంటే, "మరి యాడ పోయింది తిన్నదంత?" అని నవ్వింది.

దసరా వెళ్లాక గుంపంతా ఆమెను వెంటబెట్టుకొని బోధన్ అంగడికి పోయేవాళ్లం. ఆమె చూడకుండా మాలో ఎవరూ కత్తి కొనేవాళ్లు కాదు. దేగ్లూర్ దిక్కు నుంచి కమ్మరులు బండ్లలో కొలిమితో సహా దిగేవాళ్లు. "బఘా బాయీ, బఘా" అని వాళ్లు మెరిసే కత్తులు ముందుకు తోసేవాళ్లు. "సూస్తున్న తియ్" అని ఆమె వాటిని పక్కకు జరిపేది. "మెరిస్తె మనకేంది? మొఖం సూసుకుంటమా దాంట్ల?"

అందరూ కత్తిని పదునువైపు నుంచి చూస్తారు. ఆమె పిడి వెనక నుంచి చూసేది. పిడి అడుగున ఇనుము కనబడాలి. కనబడకపోతే కింద పెట్టేసేది.

"ఇనుం పిడి సివరిదాంక రావాలె. మధ్యల ఆగిందంటె అది సగం కత్తి, సగం కట్టె. దెబ్బ మీద దెబ్బ పడంగ పడంగ ఆ రెండు ఇడిపోతయ్."

తర్వాత పిడిని అడ్డంగా పట్టేసిన మేకులు లెక్కపెట్టేది. రెండుంటే సరే. పిడి కట్టె నల్లతుమ్మదైతే మంచిది. ఆ తర్వాత కత్తి కొసను బండి నొగల సందులో పెట్టి మెల్లగా వంచేది. కమ్మరి గుండె పట్టుకొని అరిచేవాడు. ఆమె తొణికేది కాదు. "ఇరిగితె నీది, వంగితె నీది. నిలిస్తె నాది." వంచి వదిలేస్తే మళ్లీ తిన్నగా రావాలి. ఎక్కువ కాల్చిన కత్తి రాయికి తగిలితే పెచ్చు ఊడుతుంది, తక్కువ కాల్చింది అంచు మడత పడుతుంది. పాత లారీ కమాను కట్టను సాగగొట్టి చేసిన కత్తి దొరికితే ఆమె ముఖం విచ్చుకునేది. ఇంటి నుంచి కొంగులో కట్టుకొచ్చిన ఎండు తుమ్మ కొమ్మను దాంతో నాలుగు దెబ్బలు కొట్టి, అంచు మీద గోరుతో రాసి చూసేది. చివరికి, ఎవరి కోసమైతే ఎంచిందో వాళ్ల ముందు పెట్టి, తీసి గాల్లో ఊపమనేది. మణికట్టులో ఎక్కడ లాగుతుందని అడిగేది. లాగితే, ఎంత మంచి ఇనుమైనా సరే, వద్దనేది.

మా గుంపులో ఒకాయన ఉండేవాడు, ఎప్పుడూ పెద్ద కత్తే కావాలనేవాడు. "నీకు కత్తి గావాల్నా, మీసాలు గావాల్నా?" అని ఆమె అంగడి మధ్యలో అడిగింది. ఆయన చిన్న కత్తే కొన్నాడు, పదేళ్లు వాడాడు.

ఎంచడంతోనే ఆమె పని అయిపోయేది కాదు. చెరుకు రసం ఇనుమును తినేస్తుంది. ఇంటికి రాగానే, కాళ్లు కూడా కడుక్కోకముందే, కత్తిని కడిగి, తుడిచి, కుసుమ నూనె రాసేది. "మనకంటె ముందు దానికి పెట్టాలె" అనేది. నేను ఎన్నోసార్లు ముందు అన్నం తిన్నాను. ఆమె చూసి నా కత్తిని తనే కడిగేది. అది తిట్టుకంటే ఎక్కువ తగిలేది నాకు.

ఇక చెప్పాల్సింది చెబుతాను.

మొదటి రెండేళ్లు ఆమె పాత కత్తితోనే కొట్టాను. పిడి లావు. సాయంత్రానికి నా మణికట్టు వాచేది. సన్న పిడి కావాలని ఆమె ప్రతి అంగడిలో వెతికింది, కమ్మరులకు చెప్పింది. ఇనుము దళసరిగా ఉంటే పిడి సన్నం కాదని వాళ్లు అన్నారు. మూడో ఏడు బోధన్ బజారులో కొత్తగా పెట్టిన దుకాణంలో ఒక కత్తి దొరికింది. తూకం బాగుంది, వంచితే నిలిచింది, తుమ్మ కొమ్మ మీద పడితే పదును తెలిసిపోయింది. పిడి నా పిడికిట్లో సరిగ్గా ఇమిడింది. ఒక్కటే లోపం. పిడి అడుగున ఇనుము లేదు.

"లోపల సివరిదాంక ఉన్నదమ్మా. పైకి కనబడకుండ చేసిండ్రు. పక్కా మాల్" అన్నాడు దుకాణందారు.

ఆమె చాలాసేపు ఆ పిడిని చూసింది. నా చేతిని చూసింది. నేను కత్తిని ఊపుతూ నవ్వుతున్నాను, మణికట్టులో ఎక్కడా లాగడం లేదు. "నీ సెయ్యి కొలత తీసి చేసినట్టున్నది" అన్నది. తీసుకున్నాం. మరొకరి కోసమైతే ఆ కత్తి చేతిలోంచి ఎప్పుడో కింద పెట్టేది. నా మీది ప్రేమతో తన మాట తనే ఒక్కసారి తప్పింది.

పుష్యమాసంలో మా దిక్కు చలి మీకు తెలుసు. పొద్దు పొడిచేసరికి చేలో ఉండాలి, వేళ్లు కొయ్యబారి ఉంటాయి, మంచుకు తడిసిన పిడి జారుతుంది. అందుకని మా గుంపులో చెరుకాకు మంట వేసి, కత్తులను నిప్పు పక్కన వరుసగా పేర్చి, పిడులు వెచ్చబెట్టుకొని సాలులోకి దిగేవాళ్లు. ఏళ్ల తరబడి ఉన్న అలవాటు. ఆ రోజు నాకు ముందురోజు జ్వరం. పెద్దత్త నా కత్తిని అందరికంటే నిప్పుకు దగ్గరగా పెట్టింది. "నీది జర ఎక్కువ ఎచ్చగుండనీ" అని తనే తిప్పి తిప్పి కాచింది.

ఆ పిడి లోపల ఇనుము నాలుగు వేళ్లంత దూరమే వచ్చి ఆగిందని, మిగతాది లక్క పోసి నింపారని మాకు ఎవరికీ తెలియదు. వేడికి లక్క మెత్తబడుతుంది. పదో దెబ్బో పన్నెండో దెబ్బో, కత్తి ఎత్తి దించాను. పిడి నా చేతిలోనే ఉంది, కత్తి లేదు. చెరుకు పట్టుకున్న ఎడమ చేతిలో చిటికెన వేలు, ఉంగరపు వేలు పోయాయి. నొప్పి తర్వాత వచ్చింది. ముందు ఆ ఖాళీ పిడిని చూసి ఆశ్చర్యపోయాను.

బండిలో బోధన్‌కు, అక్కడి నుంచి నిజామాబాదు పెద్దాసుపత్రికి, దారి పొడవునా ఆమె నా చేతిని తన కొంగులో చుట్టి రొమ్ముకు అదుముకొని కూర్చుంది. గుంపు వాళ్లు చూడటానికి వచ్చినప్పుడు దుకాణందారును తిట్టబోయారు. ఆమె వాళ్లను ఆపింది.

"వాడు అమ్ముకునేటోడు. ఎంచింది నేను. పిడి ఎనక ఇనుం లేదని సూసిన, సూసి తీసుకున్న. నిప్పు మీద పెట్టింది గూడ నేనే. తప్పు నాది."

నాకు కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మాక్లూర్‌లో మా అమ్మ దగ్గర ఉగాది దాకా ఉన్నాను. ఆమె ఒకసారి వస్తే నిద్ర నటించాను. అరుగు మీద కూర్చుని, మా అమ్మతో వానల గురించి రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయింది. పట్టంతా ఆ రెండు వేళ్లలో ఉంటుందని అవి పోయాకే తెలిసింది. చెరుకు పట్టుకుంటే జారేది. మోపు కట్టబోతే తాడు బిగిసేది కాదు. అంటే కొట్టే వరుసలో నాకు చోటు లేదు, కట్టే వరుసలోనూ లేదు. ఆ కాలానికి మా ఇంటి వంతు కూడా ఆమే కొట్టింది, తన వంతుతో కలిపి. గుంపు ఒప్పుకుంది. కానీ అది ఒక్క కాలానికే. వచ్చే కోతకు మా ఇంటి కత్తి ఎవరని అప్పుడే అడుగుతున్నారు. నేను పోకపోతే మేము గుంపులోంచి పోతాం, పర్మిట్ చేతిలో పెట్టుకొని నిలువు చెరుకు ఎండిపోతుంటే చూడాలి. మా ఇంటాయన చేను కౌలుకిచ్చేద్దామన్నాడు.

ఆ ఏడు దసరా తర్వాత ఆమె అంగడికి పోలేదు. గుంపు వాళ్లు వచ్చి పిలిస్తే, "నా కండ్లు పోయినయ్, మీరే సూసుకోన్రి" అన్నది. వాళ్లు తెచ్చుకున్న కత్తుల్లో సగం కోత మొదలుకాకముందే పిడులు ఊగాయి. కండ్లు పోయాయన్న ఆమె మాట విని నేను లోలోపల సంతోషించాను. నా బుద్ధి అప్పుడు అలా ఉంది.

కోత ఇంకా వారం ఉందనగా ఒక పొద్దున ఆమె గోనెసంచి ముక్కలో చుట్టిన కత్తి తెచ్చింది. మా దిక్కు ఇనుము చేతి నుంచి చేతికి ఇవ్వరు, నేల మీద పెడితే తీసుకోవాలి. నా ముందు పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. చూస్తే పిడి అడుగున ఇనుము మెరుస్తోంది. అడ్డంగా మేకులు రెండు కాదు, మూడు. కత్తి వీపు మీద, కొసకు దగ్గరగా, ఒక వంకర కొక్కెం.

మా దిక్కు అలాంటిది అంతకుముందు నేను చూడలేదు. "ఇదేంది పెద్దత్తా, కొంగమూతి?" అన్నాను. పది నెలల తర్వాత ఆమెతో నేను నవ్వుతూ అన్న మొదటి మాట అదే.

"నవ్వు. ముందు కొట్టు, ఎనక నవ్వు."

ఆమె చేనుకు పోయాం. కొక్కెంతో చెరుకు గడలను దగ్గరకు లాక్కోవాలి, మిగిలిన మూడు వేళ్లతో ఆనించి ఉంచాలి చాలు, గట్టిగా పట్టనక్కర్లేదు. కత్తి తిప్పి నేల మీద ఒక్క దెబ్బ. మొదటిరోజు పది గడలు కొట్టేసరికి చెమటలు పట్టాయి. ఆమె పక్కన నిలబడి, "కాలు జర ఎనక్కి పెట్టు. ఎడమ భుజం దించు. ఆఁ, గిట్ల" అని చెప్తూ పోయింది. ఎప్పుడు ఏది జారుతుందో నాకంటే ముందే ఆమెకు తెలిసేది. నేను ఆశ్చర్యపోయాను గాని అడగలేదు. కొట్టీ కొట్టీ అనుభవం కదా అనుకున్నాను.

కోత మొదలైన రోజు సాలులో అందరికంటే వెనక పడ్డాను. పది రోజులకు నడుమకు వచ్చాను. ఆ కాలం అయ్యేలోగా మీసాల కత్తి ఆయనే వచ్చి, "పెద్దవ్వా, నాకు గూడ గసుంటి కొక్కెం కత్తి ఎంచి పెట్టరాదు" అని అడిగాడు. మరుసటి దసరాకు ఆమె అంగడికి వచ్చింది. కమ్మరి బండి దగ్గర కత్తి తిప్పి పిడి వెనక చూస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె మీది కోపం ఎప్పుడు పోయిందో తెలియదు గాని, అది లేదని ఆ అంగడిలో తెలిసింది.

ఆ తర్వాత పద్నాలుగు కోతలు కొట్టాను. మా చేను మా చేతిలోనే ఉంది. మరిది చదివాడు, నా బిడ్డలు చదివారు. క్షమించమని ఆమె నన్ను ఒక్కనాడూ అడగలేదు. క్షమించానని నేనూ చెప్పలేదు. ఆ మాట చెప్పి ఉండాల్సింది.

మూడోనాడు బంధువులు వెళ్లాక అత్తమ్మా నేనూ పెరట్లో గిన్నెలు తోముతున్నాం. అత్తమ్మ ఉన్నట్టుండి బూడిద చేతులు ఆపింది.

"నువ్వు మాక్లూర్ల ఉన్నప్పుడు అక్క ఏం జేసిందో నీకు దెల్వదు. సెప్తె నీ మొఖం సూడనే అని ఒట్టు పెట్టించుకున్నది. ఇప్పుడు పోయింది గద."

"ఏం జేసింది?"

"తన సేన్ల నాలుగు సాళ్లు కొట్టకుంట ఉంచుకున్నది. పర్మిట్ అయిపోయినంక గూడ. ఊరంత పిస్స లేసిందన్నరు. రోజు ఒక్కతే పోయేది. ఏం జేస్తుందో అని నేను ఎనక పోయి సూసిన. సీర అంచు సింపి, గీ రెండు వేళ్లు మడిసి అరసేతికి కట్టుకున్నది." అత్తమ్మ తన ఎడమచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు మడిచి చూపింది. "గట్లనే కొడ్తున్నది. గడ జారి కత్తి మోకాలు మీద తాకింది, నెత్తురు గారుతున్నది. ఏందే అక్కా గిది అంటె, పిల్ల ఎట్ల పట్టుకుంటదో నాకు దెల్వాలె గద అన్నది. ఒక కత్తి తెచ్చి సూసేది, పనికిరాదని కమ్మరోనికి ఇచ్చి ఇంకోటి చేపిచ్చేది. నాలుగు సాళ్లు అయ్యేదాంక గంతే."

అత్తమ్మ మళ్లీ గిన్నె తోమడం మొదలుపెట్టింది. వేళ్లు ఇంకా మడిచే ఉన్నాయి, ఆమె గమనించలేదు.

అప్పటి నుంచి నాకు అదే కనబడుతోంది. అందరి చేలూ ఖాళీ అయ్యాక మిగిలిన నాలుగు సాళ్ల చెరుకు. అందులో ఒంటరిగా మా పెద్దత్త, గుడ్డపీలికతో కట్టేసుకున్న చేతితో ఒక గడను పట్టుకోబోతోంది. జారిపోతోంది. మళ్లీ పట్టుకుంటోంది.